ఫైబర్ దేవుడి తరఫు మనిషి

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు సలహా అడిగితే నేను ఒక్కటే చెబుతాను. ఎవరైనా మీ చేతికి మైకు ఇస్తే, మీ మాట ఎక్కడ వినబడుతుందో, ఎవరి నోటి నుంచి వచ్చినట్టు వినబడుతుందో ముందు కనుక్కోండి. వాళ్లు మర్యాదగా తలూపి, ముసలాయనకు చాదస్తం అనుకుంటూ పోతారు. ఆ వయసులో నేనూ పెద్దవాళ్ల గురించి అలాగే అనుకున్నాను. కానీ ఉద్యోగం ఆఖరి నెలల్లో, హాయిగా కుర్చీలో కునికిపాట్లు పడాల్సిన రోజుల్లో, ఒక సినిమా వాళ్ల ఫైబర్ బొమ్మకు నా గొంతు అరువిచ్చాను. ఆ అరువు ఇప్పటికీ తీరలేదు.

నేను బస్తర్‌లో ఒక జిల్లా కచేరీలో పనిచేశాను. కాగితాల మీద నా హోదా ఏదో పొడుగ్గా ఉండేది గానీ చేసింది మాత్రం దుబాసీ పని. మా నాన్న గోదావరి అవతలి నుంచి కిరందుల్ గనుల్లో పనికి వచ్చాడు. ఇంట్లో తెలుగు, కాలనీ గ్రౌండులో హిందీ, సంతలో హల్బీ, స్నేహితుల ఇళ్లలో గోండీ, ఉద్యోగం దోర్నపాల్ వైపు పడ్డాక డోర్లీ, అన్నీ కలగాపులగంగా నా నోట్లో చేరిపోయాయి. ఇన్ని భాషలు వచ్చినందుకు ఒక్క ప్రమోషనూ రాలేదు. ఎవరికీ అక్కర్లేని పని మాత్రం ఏది వచ్చినా నన్ను వెతుక్కుంటూ వచ్చేది.

ఆ ఏడు అలా వచ్చిన పని ఒక హిందీ సినిమా. మా సాహెబ్ కొత్తవాడు, కుర్రవాడు, ఎవరేమడిగినా 'హో జాయేగా' అనేవాడు. జగర్గుండా దారి ఒకప్పుడు మందుపాతరల భయంతో ఎవరూ పోలేని దారి. ఇప్పుడు నల్లగా నున్నగా తారు పడింది. ఆ దారిలో ఒక సినిమా యూనిట్ వచ్చి షూటింగ్ చేసుకుని క్షేమంగా వెళ్లిందని పైవాళ్లకు చూపించాలని ఆయన ఉబలాటం. బొంబాయి వాళ్లు అడగగానే ఊరు చూపించాడు, జీపు ఇచ్చాడు, జీపుతో పాటు నన్నూ ఇచ్చాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

సినిమా కథ నాకు చెప్పారు. బొంబాయిలో ఒక బస్సు కండక్టరు ఉంటాడు. చిల్లర అడిగినా, చెయ్యి అందించమన్నా కసురుకునే రకం. వాడు దారి తప్పి అడవిలో పడితే అక్కడొక దేవుడు ప్రత్యక్షమై ఒక్క కోరిక కోరుకోమంటాడు. వాడు గొప్పకు పోయి, ఎవరేమడిగినా ఇచ్చేయగలిగే శక్తి కావాలంటాడు. ఇక అక్కడి నుంచి వాడి పాట్లు. బొంబాయిలో దారి తప్పినవాడు మహా అయితే నాసిక్ పోతాడు గానీ సుక్మా ఎలా వస్తాడని డైరెక్టరును అడిగాను. "ఫాంటసీ, అంకుల్" అన్నాడు. చెట్లకు రంగురంగుల కాగితం పూలు కట్టిస్తుంటే, మే నెలలో ఇన్ని పూలు ఎక్కడివన్నాను. దానికీ అదే జవాబు. ఆ నాలుగు వారాల్లో అంకుల్ అనే మాట వింటే నాకు ఒళ్లు మండేలా తయారైంది.

ఆ దేవుణ్ణి కళాదర్శకుడు బొంబాయి నుంచే లారీలో తెచ్చాడు. మా దగ్గర కొందరు దేవుళ్లు గుండ్రటి దుంగల రూపంలో ఉంటారు. వాటిని నెమలి ఈకలతో అలంకరించి భుజాల మీద మోస్తారు. ఈయన ఎక్కడో ఫోటో చూసి దాన్ని ఫైబర్‌తో చేయించి, మధ్యలో ఒక మొహం అతికించి, కళ్లలో బల్బులు, కడుపులో స్పీకరు పెట్టించాడు. ఈకలు ప్లాస్టిక్‌వి. మా జీపు డ్రైవరు ఈ ప్రాంతం వాడే. పొద్దస్తమానం స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతాడు గానీ, మెలకువగా ఉన్నప్పుడు మాత్రం పనికొచ్చే మాటలే మాట్లాడతాడు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, దీని దగ్గర ఏం చేసినా చెయ్యి గానీ దీని లోపలికి మాత్రం మాట్లాడకు అన్నాడు. నేను నవ్వాను.

ఆఖరి వారంలో ఆ బొమ్మతో తీసిన సీను ఏమిటంటే, ఊరివాళ్లు వరసగా దేవుడి ముందుకొచ్చి వాన కావాలని వేడుకోవాలి. దేవుడు కళ్లు వెలిగించి తథాస్తు అనాలి. హిందీలో అంటే జనం మొహాల్లో ఏ భావమూ పలకలేదు. ఎండకు విసిగిపోయి ఎటో చూస్తున్నారు. డైరెక్టరు తల పట్టుకుని, చివరికి నన్ను జనరేటరు పక్కనున్న వ్యానులో మానిటరు ముందు కూర్చోబెట్టి, చెవికి ఇయర్‌ఫోన్ తగిలించి, మైకు ఇచ్చాడు. వాళ్ల మాటలో చెప్పు, అప్పుడు మొహాలు వెలుగుతాయి అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే. బొమ్మ కడుపులోంచి నా గొంతు "అట్లనే అయితది" అనగానే మొదటి ముసలాయన పకపకా నవ్వాడు. తర్వాతి వాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. ఒక్కొక్కరూ వాన అడగడం, నేను అట్లనే అయితది అనడం. ఆ వ్యానులో కాసేపు కూర్చుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే ఉంది.

తర్వాత ఒక ఆడమనిషి వచ్చింది. ముప్ఫై దాటి ఉంటుంది. బొమ్మ ముందు నిలబడి వాన మాట ఎత్తలేదు. తన మొగుడు మిర్చి కోతకు గోదావరి అవతలికి పోయాడని, మేస్త్రితో పోయిన జట్టంతా ఇప్పపూల వేళకు తిరిగొచ్చినా ఆయన రాలేదని, బతికున్నాడో లేదో చెప్పేవాళ్లు లేరని అంది. "నువ్వు దేవుడివైతే నా మొగుణ్ణి తోలుకరా" అంది. ఆమె కళ్ల నిండా నీళ్లు. నేను ఆగాను. చెవిలో డైరెక్టరు అరుస్తున్నాడు. ఆమె ఏమంటోందో అతనికి తెలియదు, కన్నీళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, అవి ఆరిపోకముందే దేవుడు పలకాలి. నేను పలికాను. ఆ ఎండలో, ఆ వ్యానులో, ఆ అరుపుల మధ్య మీరైనా పలికేవాళ్లే. కాదంటే ఒకసారి వెళ్లి కూర్చుని చూడండి.

సీను అద్భుతంగా వచ్చిందని యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. ఆమె అసలు ఏమడిగిందో డైరెక్టరుకు చెప్పబోయాను. డబ్బింగులో చూసుకుందాం అంకుల్ అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వాళ్లు సర్దుకుని పోయారు. బొమ్మను లారీలో ఎక్కించడం దండగనుకున్నారో ఏమో, ఊరి పటేల్ కొట్టంలో వదిలేశారు. సాహెబ్ అందరితో ఫోటోలు దిగాడు. జూన్ ఆఖరున నేను రిటైరయ్యాను. శాలువా కప్పి, బస్తర్ భాషల నిధి అని పొగిడి, నన్ను ఆటో ఎక్కించారు.

భాద్రపదంలో ఒక పొద్దున ఆ పటేల్ దోర్నపాల్‌లో మా ఇంటి ముందు ప్రత్యక్షమయ్యాడు. గొడుగు ముడిచి, టీ తాగి, తాపీగా విషయం చెప్పాడు.

"ఏంది సారూ, జాతరకు రావా? నీ దేవుడి మీద ఫిర్యాదు ఉన్నది."

నాకు దేవుడెక్కడివాడన్నాను. గొంతు నీదే కదా అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా బస్తర్‌లో కొన్నిచోట్ల వానాకాలం జాతరలో దేవుళ్ల మీద పంచాయితీ పెడతారు. మొక్కు పుచ్చుకుని పని చెయ్యని దేవుణ్ణి, రోగం ఆపుతానని మాటిచ్చి ఆపని దేవుణ్ణి తెచ్చి అందరి ముందూ నిలబెడతారు. దేవుడి తరఫున అతని వడ్డె, అంటే పూజారి, జవాబు చెప్పుకోవాలి. చెప్పలేకపోతే దేవుణ్ణి తీసుకుపోయి ఊరి బయట గుంటలో పడేస్తారు. తర్వాత బుద్ధి తెచ్చుకున్నాడని తోస్తే మళ్లీ తెచ్చుకుంటారు. మనుషుల కచేరీలో ఉద్యోగమంతా గడిపినవాణ్ణి చెబుతున్నాను, ఇంత తొందరగా తీర్పు వచ్చే చోటు నేను ఇంకెక్కడా చూడలేదు.

పోకుండా ఉండొచ్చు. మా ఆవిడ అదే చెప్పింది. ఆ ఊళ్లలో ఇన్నేళ్లు అన్నం తిని ఇప్పుడు మొహం చాటేస్తే బాగుండదని, పోయి నాలుగు మాటలు చెప్పి వద్దామని బయలుదేరాను. మన డ్రైవరు తన మేనల్లుడి ట్రాక్టరులో తీసుకెళ్లాడు. దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

జాతరలో ఏడెనిమిది మంది దేవుళ్లు వరసలో ఉన్నారు, వానకు తడిసి నల్లబడ్డ పాత దుంగలు. చివర మా ఫైబర్‌ది. ప్లాస్టిక్ ఈకలు వేలాడిపోయి, మొహం మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఫిర్యాదు పెట్టింది మొగుణ్ణి తోలుకరమ్మన్న ఆ ఆడమనిషే, ఎదురుగా నిలబడి ఉంది. నా వంతు వచ్చేసరికి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఇది దేవుడు కాదు, బొంబాయిలో అచ్చులో పోసిన బొమ్మ. అది సినిమా. ఆ మాట అనమన్నది డైరెక్టరు. ఆయన్ని పట్టుకోండి. నేను కూలికి మాట్లాడిన మనిషిని.

పటేల్ అంతా విని, నిదానంగా అన్నాడు. "అది సినిమా అని మాకు తెల్వదా సారూ? మా పోరలు పొద్దుందాక ఫోన్ల సినిమాలే చూస్తరు. బొమ్మ అంటవా, మా దేవుళ్లను గూడ మా వడ్లోళ్లే చెక్కిన్రు. ఈమె అడిగింది. అది ఇస్తనన్నది. అందరం ఇన్నం. ఇచ్చిందా, ఇయ్యలేదా? అంతే అడుగుతున్నం."

నేను ఆమె వైపు తిరిగాను. అందరూ వాన అడుగుతుంటే నువ్వెందుకు ఇది అడిగావమ్మా అన్నాను, కాస్త విసురుగానే.

"వాన ఎట్లైనా పడతది సారూ. దానికి దేవుడెందుకు?" అంది.

అప్పుడే అసలు సంగతి తెలిసింది. ఆమె ఠాణాకు పోయింది, మేస్త్రి ఇంటికి పోయింది, సంతలో కనబడ్డ ప్రతి జట్టునూ అడిగింది. మొగుడి అన్నదమ్ములు ఇక చాలనుకున్నారు. వచ్చే జాతర నాటికి మనిషి రాకపోతే చచ్చిపోయినట్టే లెక్కగట్టి, అతని పేరున రాయి నిలబెడతామన్నారు. అక్కడ చనిపోయినవాళ్లకు నిలువురాయి పాతుతారు. రాయి పాతారంటే మనిషి లేనట్టే. ఆ తర్వాత అతను నడిచొచ్చినా ఊరికి అతను దయ్యమే, ఆమె విధవే. ఆమె బతికున్న మొగుడికీ చచ్చిపోయిన మొగుడికీ మధ్య నిలబడి ఉంది. నాకు ఒక్కసారిగా కోపం దిగిపోయి భయం పట్టుకుంది.

తీర్పు ఇలా వచ్చింది. దేవుడికి వచ్చే జాతర దాకా గడువు. ఈలోగా మాట నిలబెట్టుకోవాలి, లేదంటే గుంట. దేవుడితో పాటు దాని నోరు కూడా కదలాలి. అంటే నేను. ఇంకో మాట, పని దేవుడిది కాబట్టి ఆ పని మీద పోయేటప్పుడు దేవుణ్ణి ఇంట్లో పెట్టి పోకూడదు. దుంగలన్నీ మోయడం కష్టమని నా వయసు చూసి జాలిపడి, మొహమున్న మధ్య ముక్క ఊడదీసి గోనెపట్టాలో చుట్టి ఇచ్చారు.

దీపావళి దాటాక, చలి మొదలయ్యాక బయలుదేరాను. మా ఆవిడ మాట్లాడటం మానేసింది. కోంటా బస్సులో కండక్టరు ఆ మూట ఏమిటన్నాడు. దేవుడన్నాను. అయితే పైన వేస్తే పాపం, సీటులో పెడితే టిక్కెట్టు అన్నాడు. ఒళ్లో పెట్టుకున్నాను. పట్టా జారి మొహం బయటపడేసరికి పక్కనున్నావిడ తన కొప్పులో పువ్వు తీసి దాని మీద పెట్టింది. ఎదుటి సీటు ఆయన ఏ ఊరి దేవుడని అడిగాడు. మొహం మీదికి పట్టా లాగి కిటికీలోంచి చూశాను.

మేస్త్రి ఊరు హైవే పక్కనే. మనిషి మంచివాడిలానే ఉన్నాడు, మంచం వేశాడు, టీ పోయించాడు. ఆ పేరు చెప్పగానే తయారుగా పెట్టుకున్న జవాబు చెప్పాడు. కోత మధ్యలో ఎవరో వేరే జట్టుతో కలిసి చెప్పాపెట్టకుండా పోయాడట, పోలీసులకూ అదే చెప్పాడట. ఇన్నేళ్లు అధికారుల పక్కన నిలబడి అబద్ధాలను మూడు భాషల్లోకి తర్జుమా చేసినవాణ్ణి. అబద్ధం వింటే గుర్తుపడతాను. గుర్తుపట్టి ఏం లాభం? ఉద్యోగంలో ఉన్నప్పుడు సాహెబ్ పేరు చెప్పి బెదిరించేవాణ్ణి. ఇప్పుడు ఎవరి పేరు చెప్పను?

విసుగెత్తి, పట్టా విప్పి బొమ్మను అతని వాకిట్లో నిలబెట్టాను. అతను మొదట నవ్వాడు. ఇది సినిమాది కదా అన్నాడు. సినిమాదే, కానీ దీని మీద పంచాయితీ నడుస్తోంది అన్నాను. వచ్చే జాతరలో దీన్ని గుంటలో పడేస్తే ఎందుకు పడిందో చెప్పాల్సింది నేనే, నీ వాకిట్లో అబద్ధం విన్నది కాబట్టి పడిందని చెబుతాను అన్నాను. నవ్వు ఆగిపోయింది. లోపల నుంచి అతని భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. బొమ్మను చూసింది, మొగుణ్ణి చూసింది.

"మన ఇంటి మీదికి తేకు. చెప్పెయ్యి" అంది.

చెప్పేశాడు. మిర్చి బస్తాల ట్రాక్టరు మీద నుంచి ఆ మనిషి పడ్డాడు. కాలు విరిగింది. గొడవవుతుందని భయపడి ఆసుపత్రిలో చేర్చి మేస్త్రి జట్టుతో వెనక్కి వచ్చేశాడు. ఇంటికి కబురు చెప్పమని ఆ మనిషి బతిమాలాడు. చెబితే తన మీదకు వస్తుందని చెప్పలేదు. జట్టువాళ్ల నోళ్లూ మూయించాడు. తర్వాత అక్కడి రైతు ఒకాయన జాలిపడి తన గోదాము దగ్గర కాపలాకు కూర్చోబెట్టుకున్నాడని విన్నాడట, ఆ ఊరి పేరూ చెప్పాడు.

మర్నాడు గోదావరి దాటాను. గోదాము దొరికింది, మనిషి దొరికాడు. స్టూలు మీద కూర్చుని, పక్కన కర్ర పెట్టుకుని, మిర్చి ఘాటుకు తుమ్ముతూ ఉన్నాడు. నేను ఆయన ఊరి పేరు చెప్పగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇల్లు, పెళ్లాం అన్నాను. ఇంకా తిప్పుకున్నాడు.

"కాలు ఇరిగిందని కబురు పంపిన. దాని కోసం రోజూ ఈ తొవ్వే చూసిన. అది రాలే. నేనెందుకు పోవాలె?" అన్నాడు.

నేను ఆ రోడ్డు మీదే నిలబడి ఆయన్ని తిట్టాను. తెలుగులో మొదలుపెట్టి డోర్లీలోకి, అక్కడి నుంచి హిందీలోకి పోయాను. ఒకరు ఇక్కడ స్టూలెక్కి అలిగి కూర్చోవడం, ఒకరు అక్కడ దిక్కుమాలిన బొమ్మ ముందు ఏడవడం. మధ్యలో ఒక్క మాట చేరేసి ఉంటే అన్నీ సరిపోయేవి. ఆ ఒక్క మాట మోయడానికి మోకాళ్ల నొప్పులవాణ్ణి నేను రావాల్సి వచ్చింది. ఆమె బొమ్మ ముందు ఏమందో చెప్పాను. ఆయన కర్ర అందుకుని లేచాడు. తర్వాత గోదాములోకి పోయి ఒక గోనెసంచి తెచ్చుకుని, పద అన్నాడు.

మేము ఊరు చేరేసరికి మధ్యాహ్నం. ఆమె పొలం దగ్గర ఉందంటే ఎవరో పరిగెత్తారు. వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ముందు ఆయన మొహం చూసింది, తర్వాత వంకరపోయిన కాలు, కర్ర.

"ఎవరితోటి పంపినవ్ కబురు?"

ఆయన మేస్త్రి పేరు చెప్పాడు.

"నాకు అందలే" అంది.

అంతే. ఆయన చేతిలో సంచి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. ఇల్లు ఊరి ఆ చివర. పొలం నుంచి పరుగులాంటి నడకతో వచ్చిన మనిషి, ఇప్పుడు కర్ర చప్పుడు వెనకబడకుండా అడుగులో అడుగు వేసుకుంటూ పోయింది. వాళ్లు మలుపు తిరిగేదాకా నేను వెనకాల నిలబడి చూశాను. గోనెపట్టా మూట ఇంకా నా చంకలోనే ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను.

ఎండాకాలంలో ఆ సినిమా విడుదలైంది. జగదల్‌పూర్‌లో చూశాను. ఆమె సీను ఉంచారు. ఆ కన్నీళ్లే, ఆ పెదవులే. వాటి మీద ఎవరో పిల్ల హిందీలో, భగవాన్ మాకు వాన ఇవ్వు అంటోంది. మరుక్షణం కంప్యూటరు వాన కుండపోతగా కురిసింది. జనం ఈలలు వేశారు. తథాస్తు అన్నది నా గొంతు కూడా కాదు, గంభీరంగా ఉన్న ఇంకెవరిదో. కండక్టరుకు వరం దొరికింది, అడిగినవాళ్లకల్లా ఇచ్చుకుంటూ పోయాడు, చివర్లో హీరోయిన్ అడిగితే మనసు ఇచ్చాడు. బయటకు వచ్చి పటేల్‌కు ఫోన్ చేశాను. చూశావా, అందులో గొంతు నాది కాదు, నాకు దానికి సంబంధం లేదన్నాను. సినిమావాళ్లు ఏమైనా చేసుకుంటారు, మేం విన్నది మేం విన్నాం అని ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ భాద్రపదం జాతర వచ్చింది. మనిషి ఇంట్లో ఉన్నాడు, ఇక కేసు కొట్టేస్తారని ధైర్యంగా పోయాను. అక్కడ ఆయన అన్న లేచాడు. రాయి పాతిద్దామని ఏడాది నుంచి పట్టుబట్టినవాడు, వాగులోంచి రాయి కూడా తెప్పించి పెట్టుకున్నవాడు. తమ్ముడు రావడం సంతోషమే అన్నాడు. కానీ తెచ్చింది సారు కదా, బస్సెక్కింది సారు, గోదావరి దాటింది సారు, మరి దేవుడు చేసిందేమిటి అన్నాడు. మాటిచ్చి మనుషుల చేత పని చేయించుకునే దేవుడు గుంటలోనే ఉండాలన్నాడు. చాలామంది తలలూపారు. పటేల్ నా వైపు చూశాడు.

ఒప్పుకుంటే అయిపోయేది. బొమ్మ గుంటలోకి పోయేది, నేను ఇంటికి పోయేవాణ్ణి, మా ఆవిడ నాతో మళ్లీ మాట్లాడేది. నేను కోరుకున్నదీ అదే. అయినా ఎందుకో లేచి నిలబడ్డాను. మేస్త్రి పోలీసులకు అబద్ధం చెప్పాడు, నాకు టీ పోసి మరీ అబద్ధం చెప్పాడు, దీన్ని వాకిట్లో నిలబెట్టాకే నిజం చెప్పాడు అన్నాను. అది నువ్వు బెదిరించినందుకే కదా అన్నాడు అన్న. జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"నా అంతట నేను పోలే" అన్నాను. "ఇన్నేండ్ల నౌకరీల మీ మాటలు ఎన్నో మోసిన, సాహెబ్‌కు జెప్పిన, ఇంటికి పోయి పండుకున్న. ఒక్క మనిషిని గూడ ఎతుక్కుంట పోలే. నన్ను తోలింది ఇదే."

అన్నాక సిగ్గేసింది. డిగ్రీ చదివినవాణ్ణి, వానలో నిలబడి, రంగు వెలిసిన ఫైబర్ మొహం తరఫున వకాల్తా పుచ్చుకుని అరుస్తున్నాను. డ్రైవరు చెట్టు కింద నుంచి నన్నే చూస్తున్నాడు. ఈసారి నవ్వడం లేదు.

పటేల్ ఆమెను పిలిచాడు. అడిగింది నువ్వు, తీరిందో లేదో నువ్వే చెప్పాలన్నాడు. ఆమె మొగుడు వెనక బండ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె దేవుణ్ణి కాసేపు చూసింది, నన్ను చూడలేదు.

"తీరింది" అంది. నేను ఊపిరి వదిలాను. "కానీ జాగు జేసింది. రాయి గూడ తెచ్చి పెట్టిన్రు. ఊకె ఇడిసిపెడితే మళ్ల ఇట్లనే జేస్తది. శిక్ష ఎయ్యాలె."

గుంటా అని అడిగాడు పటేల్. గుంటలో పడుకుంటే ఎవరికి లాభం అంది. ఏటేటా మిర్చి కోతలయ్యాక, పోయినవాళ్లలో ఎవరు తిరిగి రాలేదో కనుక్కుని, వాళ్లు ఎక్కడున్నారో అది పోయి చూసి రావాలి, కబురు తెచ్చి ఇంట్లో చెప్పాలి, అదే శిక్ష అంది. పెద్దలు కాసేపు గుసగుసలాడుకున్నారు. బాగుందన్నారు. అన్న కూడా తలూపాడు.

నేను అభ్యంతరం చెప్పాను. రిటైరయ్యానన్నాను, షుగరుందన్నాను, మోకాళ్ల సంగతి చెప్పాను, ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాను. శిక్ష నీకు కాదు కదా సారూ, దేవుడికి అన్నాడు పటేల్. జనం పక్కకు జరిగి తర్వాతి దేవుడి కోసం చోటు చేస్తున్నారు. ఈలోగా ముందు వరసలోంచి ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, తన మనవడి పేరు, వాణ్ణి తీసుకుపోయిన మేస్త్రి ఊరు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు.

"కాసేపు ఆగవమ్మా" అన్నాను. "ముందు కోంటా బస్సు ఎప్పుడుందో కనుక్కోనీ."